‘కావాలి’ అంటే ఎవరికి?

నరం ఎక్కడ దొరుకుతుందో నర్సింగు బడిలో మీకు చెబుతారు. బీపీ ఎట్లా చూడాలో, కాన్పు బల్ల మీద తల్లి చెయ్యి ఎట్లా పట్టుకోవాలో చెబుతారు. డాక్టరు నోటి నుంచి ‘షుడ్’ అనే ఇంగ్లీషు మాట వచ్చినప్పుడు, మంచం పక్కన నిలబడ్డ మనిషికి దాన్ని తెలుగులో ఏమని చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల కాన్పుల వార్డుల్లో నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరై ఇన్నేళ్లయినా, ఎవరికో ఏదో సరిగ్గా చెప్పకుండా ఇంటికి వచ్చేశానన్న గుబులు నన్ను వదల్లేదు. వంట చేస్తుంటే వస్తుంది, చర్చిలో పాట మధ్యలో వస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నా దగ్గర చెప్పడానికి ఉన్నది ఆ గుబులు గురించే.

మాది ఎల్లంతకుంట దగ్గర ఒక పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. ఇంగ్లీషు నాకు బడిలో పరీక్ష గట్టెక్కే వరకే వచ్చు. ఉద్యోగంలో చేరాక చూస్తే డాక్టర్లు రాసేదంతా ఇంగ్లీషే. మస్ట్, షుడ్, అడ్వైజ్డ్, రిక్వైర్డ్, ఎక్స్‌పెక్టెడ్, డ్యూ, మ్యాండేటరీ. మొదట్లో ఇవన్నీ నాకు ఒకే మాటలాగా కనబడేవి. మన తెలుగులో వీటిలో సగానికి ‘కావాలి’ అంటే సరిపోతుంది, మిగతా సగానికి ‘చేయాలి’ అంటే అయిపోతుంది. నాకు చాయ్ కావాలి అన్నా కావాలే, ఆమె బతకాలంటే రక్తం కావాలి అన్నా కావాలే. వినేవాడికి తేడా తెలియాలంటే ఇంకొక ముక్క కలపాలి. ఆ ముక్క కలపడం నర్సు పని.

సిరిసిల్లలో

నా మొదటి ఉద్యోగం సిరిసిల్లలో ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో. అది ఇప్పుడు లేదు. అక్కడి హెడ్ నర్సు అన్నమ్మ సిస్టర్ కేరళ నుంచి వచ్చారు. ఆమె తెలుగు మాట్లాడుతుంటే మేం ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకునేవాళ్లం. కోపిష్టి. దుప్పటి మీద మడత కనబడితే మళ్లీ పరిపించేవారు. నా పైన పనిచేసినవాళ్లలో నాకు నిజంగా ఏదైనా నేర్పింది ఆమె ఒక్కరే అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒకరోజు నర్సయ్య అనే ఆయన భార్య పద్మను తీసుకొచ్చాడు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. నర్సయ్య సాంచాలు నడిపేవాడు. పద్మకు ఎనిమిదో నెల. కాళ్లు, ముఖం ఉబ్బి ఉన్నాయి. తలనొప్పి అంటోంది. బీపీ బాగా ఎక్కువ. డాక్టరు చూసి, కాగితం మీద ‘అడ్మిషన్ అడ్వైజ్డ్’ అని రాసి, ఆపరేషన్ ఉందని లోపలికి వెళ్లిపోయాడు. నాతో పనిచేసే అమ్మాయి ఒకతె బయటికొచ్చి నర్సయ్యకు చెప్పింది.

“దవాఖానల చేరితే మంచిదంటున్నరు సారు.”

“మంచిదే గని, సాంచం మీద బట్ట సగంల ఉన్నది. ఎల్లుండి తోల్కస్త,” అన్నాడు నర్సయ్య. భార్యను తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆటోలో తెచ్చారు. పద్మకు ఫిట్స్ వస్తున్నాయి. పెద్దవాళ్లు దీన్ని గుర్రపువాతం అనేవారు. పళ్ల మధ్య నాలుక తెగి మూతి నిండా రక్తం. కడుపులో బిడ్డ దక్కలేదు. పద్మ బతికింది, కానీ చాలా రోజుల దాకా మనిషి ఎదురుగా నిలబడితే నీడలాగే కనబడేదామెకు.

ఆమె తేరుకున్నాక అన్నమ్మ సిస్టర్ నర్సయ్యను పక్కకు పిలిచి, తన తెలుగులో అడిగారు. “ఎందుకు ఇంటికి పట్టుకు పోయినావు?”

నర్సయ్య తల ఎత్తలేదు. “చేరితే మంచిదన్నరమ్మా. చేరకపోతే సస్తదని ఎవలూ అనలే. మంచి పనులు మస్తుగుంటయ్. అన్నీ జేసుకుంటున్ననా నేను?”

‘మంచిది’ అని చెప్పిన అమ్మాయిని అన్నమ్మ సిస్టర్ అందరి ముందూ తిట్టలేదు. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ‘అడ్వైజ్డ్’ అంటే తెలుగులో ఏమిటని అడిగారు. సలహా అన్నాం.

“సలహా ఇష్టం ఉంటే తీసుకుంటారు, లేదంటే లేదు,” అన్నారు. “ఇది ఆ అమ్మ ఒంటికి కావాలి. డాక్టరుకి కావాలి వేరే. రూలుకి కావాలి వేరే. ఒంటికి కావాలి వేరే. చెప్పేటప్పుడు ఎవరికి కావాలో చెప్పు. లేకుంటే ఏమవుతుందో అదీ చెప్పు.”

డాక్టరు తప్పు రాశాడని నేను అనను. వాళ్ల ఇంగ్లీషులో ‘అడ్వైజ్డ్’ మర్యాద కోసం వాడే మాట. చదువుకున్న మనిషికి అలా చెబితే, వెంటనే చేరాలన్నమాట అని అర్థం చేసుకుంటాడు. నర్సయ్య దగ్గరికి వచ్చేసరికి ఆ మర్యాద ఒక బిడ్డను తీసుకుపోయింది. అప్పటి నుంచి ఎవరికి ఏది చెప్పినా, వాళ్లు ఇంటికి వెళ్లి పక్కింటివాళ్లతో దాన్ని ఏమని చెప్పుకుంటారో అని ఆలోచించడం నాకు అలవాటైంది. ఆ అలవాటుతో మనసుకు విశ్రాంతి ఉండదు. అయినా మీరు అలవాటు చేసుకోండి.

అన్నింటికీ కంపల్సరీ

జగిత్యాలలో దీనికి సరిగ్గా ఎదురు జబ్బు చూశాను. అక్కడ మాకు కొంతకాలం పైన ఉన్నావిడకు ప్రతిదీ కంపల్సరీయే. రేషన్ కార్డు జిరాక్సు కంపల్సరీ, వెంట ఒక ఆడమనిషి కంపల్సరీ, సూది కంపల్సరీ, గాజులు తియ్యడం కంపల్సరీ. ఆ మాట వినీ వినీ జనం చెవులు మొద్దుబారాయి. ఒకావిడ బాలింతకు సూది వేయించకుండానే ఇంటికి తీసుకుపోతుంటే ఆపి అడిగాను. “గన్ని కంపల్సరీలల్ల గదొకటి ఇడిసిపెడితే ఏంగాదనుకున్న,” అంది. నెగెటివ్ గ్రూపు తల్లికి వేసే సూది అది. వేయకపోతే వచ్చే కాన్పులో బిడ్డకు ముప్పు. జిరాక్సుకూ దానికీ ఒకే మాట వాడితే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

పేషెంటు మాట వినడం లేదని విసుక్కునే ముందు, పెద్ద మాటలను మనం ఎక్కడెక్కడ ఖర్చు చేశామో ఒకసారి చూసుకోవాలి.

ఇచ్చిన డేటు

ఆ తర్వాత నన్ను కోరుట్లకు వేశారు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచిన రోజులకు నేను అక్కడే ఉన్నాను. బస్సులు లేవు. బడులు మూశారు. బొగ్గు గనులు ఆగడంతో కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. మేము నల్లబ్యాడ్జీలు పెట్టుకుని పనిచేసేవాళ్లం. డ్యూటీ లేనప్పుడు నేనూ వెళ్లి సమ్మె డేరాలో కూర్చునేదాన్ని. తెలంగాణ కావాలె అని అందరితో కలిసి గొంతెత్తి అరిచాను. డేరాలో ఒక కాలేజీ సారు, “మనం అనే కావాలెను ఇంగ్లీషుల వాంట్ అనాల్నా, నీడ్ అనాల్నా, సిస్టర్?” అని అడిగాడు. నా మనసంతా వార్డులో ఉంది. డేట్లు దగ్గరపడ్డ తల్లులు కోరుట్లలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు, రోడ్లు ఎప్పుడు మూస్తారో ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

వాళ్లలో షాహీన్ ఒకతె. భర్త ఖాజాకు కోరుట్లలోనే బట్టలు కుట్టే దుకాణం. అత్త రజియాబీ బీడీలు చుట్టేది. షాహీన్‌కు మొదటి కాన్పు ఆపరేషన్. మగపిల్లవాడు పుట్టి కొద్దిరోజులకే పోయాడు. ఇది రెండోది. స్కానింగులో మాయ కిందికి దిగి, బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డంగా ఉందని తేలింది. నొప్పులు వస్తే రక్తం పోతుంది, ఆపడం కష్టం. మా డాక్టరు మేడం వాళ్లకు విడమరచి చెప్పింది. డేటు దాకా ఆగొద్దు, ముందే జగిత్యాల పోయి ఉండాలి, అక్కడే ఆపరేషన్ అని. కార్డు మీద ‘ఎక్స్‌పెక్టెడ్ డేట్’ అని ఉంటుంది. మన జనం దాన్ని ‘డాక్టర్ ఇచ్చిన డేటు’ అంటారు, కోర్టు వాయిదా ఇచ్చినట్టు.

నేను రజియాబీని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చెప్పాను. “అమ్మా, డేటు మేము ఇచ్చింది గాదు. లెక్కేసుకొని అనుకున్నది. బిడ్డకు ఆ డేటు తెల్వది. ఒక్క చుక్క ఎరుపు కనవడ్డా అదే డేటు. ఎంబడే తీస్కరావాలె.”

“సమజైంది సిస్టర్,” అంది ఆమె. “జుమ్మాకు నమాజ్ అయినంక జగిత్యాల మా చెల్లె ఇంటికి తోల్కపోతం. ఆటో మాట్లాడిండు ఖాజా.”

వాళ్లు నిర్లక్ష్యం చేయలేదు. శుక్రవారం పోవాలనుకున్నారు. గురువారం పొద్దున షాహీన్ నీళ్ల బిందె దించుతుంటే కాళ్ల మీదుగా రక్తం కారింది. వాడలో వాళ్లు, “డేటు ఇంక రాలే గదా, ఏంగాదు, పండవెట్టుండ్రి” అన్నారట. రజియాబీ ఎవరి మాటా వినలేదు. దుప్పటి చుట్టి ఆటో ఎక్కించింది.

మా దగ్గరికి వచ్చేసరికి ఆ దుప్పటి తడిసి బరువెక్కింది. షాహీన్ ముఖం తెల్లకాగితంలా ఉంది. నేను నరం దొరికించుకుని సెలైను పెట్టాను. డాక్టరు మేడం కడుపు మీద చెయ్యి పెట్టి, బిడ్డ గుండె విని, నా వైపు చూసింది. మత్తు డాక్టరు ఆ రోజు కరీంనగర్ నుంచి రావాలి. దారిలోనే ఆపేశారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. మత్తు లేకుండా మేం చేయగలిగింది ఏమీ లేదు. జగిత్యాలకు తరలించాలి, ఆ దారిలో రాస్తారోకో ఉంది.

అంబులెన్సు వచ్చింది. “మీరు వెళ్లడం రిక్వైర్డ్ కాదు సిస్టర్, అంబులెన్సులో వాళ్ల మనిషి ఉంటాడు,” అంది మేడం. అని ఊరుకోకుండా నా చెయ్యి పట్టుకుంది. “కానీ వెళ్లండి,” అంది. వార్డు ఇంకో సిస్టర్‌కు అప్పజెప్పి ఎక్కాను.

రోడ్డు మీద

లోపల షాహీన్, ఆమె తల దగ్గర రజియాబీ, కాళ్ల దగ్గర నేనూ అంబులెన్సు కుర్రాడూ. ముందు డ్రైవరు పక్కన ఖాజా. నేను షాహీన్ నాడి మీద నుంచి వేళ్లు తియ్యలేదు. అది పరిగెత్తుతూ, మధ్యమధ్యలో దొరక్కుండా పోతోంది. రజియాబీ పెదవులు కదుపుతూ దువా చదువుకుంటోంది.

“సిస్టర్, ఇంక టైమున్నది గదా?” అని అడిగింది షాహీన్. డేటు గురించి అడుగుతోందా, ప్రాణం గురించి అడుగుతోందా తెలియలేదు.

“పోతున్నం బిడ్డా. కండ్లు మూయకు, నాతోని మాట్లాడు,” అన్నాను.

కొంత దూరం పోయాక బండి ఆగింది. రోడ్డుకు అడ్డంగా చెట్టు మొద్దు, దాని వెనక వరుసగా పొయ్యిలు. వంటావార్పు, అంటే రోడ్డు మీదే వండుకుని తినే నిరసన. పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. జాతరలాగా ఉంది అక్కడ. డ్రైవరు హారన్ మోగించి, “ఎమర్జెన్సీ, ఎమర్జెన్సీ” అని అరిచాడు. ఒకరిద్దరు తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డారు.

నేను దిగాను. మెడలో కండువా వేసుకున్న పెద్దాయన ఒకరు ఎదురొచ్చాడు. ముఖంలో కోపం లేదు, విసుగు ఉంది.

“పొద్దటిసంది అందరు ఎమర్జెన్సీనే అంటున్నరు సిస్టర్. ఒకాయన కారుకు ఎర్ర ప్లస్సు అతికిచ్చుకొని పెండ్లికి పోయిండు. ఇంకొకాయన బండ్ల పేషెంటన్నడు, సూస్తే సిమెంటు సంచులు. అంబులెన్సులు గూడ ఖాళీవి తిరుగుతున్నయ్.”

ఆ మాటను నాకంటే ముందు వచ్చినవాళ్లు వాడేసుకున్నారు. నేనూ అదే అంటే ఆయన చెవికి సిమెంటు సంచుల వాడి మాటలాగే వినబడుతుంది. జగిత్యాలలో ‘కంపల్సరీ’ అనే మాటకు పట్టిన గతే ఇక్కడ దీనికి పట్టింది. అప్పుడు అన్నమ్మ సిస్టర్ చెప్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను.

“అన్నా, లోపట కడుపుతోని ఒక బిడ్డ ఉన్నది. మాయ అడ్డమచ్చింది. నెత్తురు పోతున్నది, ఆగుతలేదు. జగిత్యాలల కడుపు కోసి ఆపాలె. గీ బండ్ల నేను ఆపలేను. ఇక్కడ్నే ఉంటే తల్లి పోతది, పిల్ల పోతది.”

ఆయన నా చేతుల వైపు చూశాడు. అప్పటిదాకా నేను గమనించలేదు. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

ఆయన వెనక్కి తిరిగాడు. “మొద్దు జరుపుండ్రి. పొయ్యిలు తీయుండ్రి.”

ఎవరూ ఎందుకని అడగలేదు. మగవాళ్లు మొద్దును దొర్లించారు. ఇద్దరు ఆడవాళ్లు చీర కొంగులు చేతులకు చుట్టుకుని, ఉడుకుతున్న గుండిగను రెండు పక్కలా పట్టి ఎత్తారు. గంజి ఒకామె పాదాల మీద తొణికింది. ఆమె గుండిగను వదల్లేదు, రోడ్డు దిగాకనే దించింది.

“ముందట ఇంక రెండు జాగలల్ల కూసున్నరు,” అన్నాడు పెద్దాయన. మోటారు సైకిలు మీద ఉన్న ఒకతన్ని పిలిచాడు. “నువ్వు ముందుగాల పో. ఎమర్జెన్సీ అనకు. సిస్టర్ ఏం జెప్పిందో గదే చెప్పు. నెత్తురు ఆగుతలేదని చెప్పు.”

తర్వాతి రెండు చోట్లా మేం వెళ్లేసరికి దారి తెరిచి ఉంది. జనం రెండు పక్కలా నిలబడి ఉన్నారు, ఎవరూ నినాదాలు చేయడం లేదు. వాళ్ల మధ్య నుంచి పోతుంటే, దారి దొరికిందన్న సంతోషం కంటే భయమే ఎక్కువైంది నాకు. ఇంతమంది నా మాట నమ్మి పక్కకు జరిగారు. ఈమె బతక్కపోతే?

జగిత్యాలలో

జగిత్యాలలో ఆపరేషన్ గది సిద్ధంగా ఉంది. మేడం ముందే ఫోన్ చేసింది. అక్కడ బ్లడ్ బ్యాంకు మనిషి ఒకాయన ఖాజాను ఆపి, “రక్తం కావాలె, డోనర్లను తేవాలె, కంపల్సరీ,” అన్నాడు. ఖాజా గోడకు ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. బస్సులు లేని రోజున, తెలియని ఊళ్లో మనుషుల్ని ఎక్కడి నుంచి తేవాలి? తాను తెచ్చేదాకా రక్తం ఎక్కించరనే అతను అనుకున్నాడు.

రజియాబీ నా ముఖంలోకి చూసింది. “రూలా సిస్టర్, జరూరతా?”

రూలు కోసమా, అవసరమా అని ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. “రక్తం జరూరత్, అమ్మా. గది ఇక్కడ ఉన్నది, ఇప్పుడే ఎక్కిస్తున్నరు, ఎవల కోసం ఆగరు. బదులు ఇయ్యాలనేది రూలు. అది గూడ ఇయ్యాలె, రేపు ఇంకో తల్లికి పనికస్తది. ఖాజా తర్వాత ఇచ్చినా నడుస్తది.”

ఖాజా లేచి నిలబడ్డాడు. “ఇప్పుడే ఇస్త,” అన్నాడు.

అంతలో ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. నాతో ఇంగ్లీషులో అన్నాడు, మాయ పాత కుట్ల దగ్గర అతుక్కుని ఉండొచ్చని, ‘హిస్టరెక్టమీ మే బీ రిక్వైర్డ్’ అని, వాళ్లకు చెప్పి సంతకం తీసుకోమని. చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మే బీ రిక్వైర్డ్. ఆ మూడు మాటల ముందు నేను ఆగిపోయాను. గర్భసంచి తియ్యాలి అంటే, తీసేస్తారని నిశ్చయమైనట్టు వాళ్లు వింటారు. తియ్యొచ్చు అంటే, డాక్టరు ఇష్టానికి వదిలినట్టు వింటారు. తీస్తారేమో అంటే, నాకే తెలియనట్టు ఉంటుంది. మొదటి బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు అది. సంతకం పెట్టమంటే బెదిరి, జంకి, కాసేపు ఆలోచించుకుంటామంటే ఆ కాసేపట్లో మనిషి పోతుంది. అబద్ధం చెప్పి సంతకం తీసుకోవడం తేలిక. చాలామంది చేసే పని అదే. నేను దాన్ని ఒప్పుకోను.

“ఖాజా, ఇను,” అన్నాను. “గర్భసంచి ఉంచాలనే సూస్తరు. ముందు గదే సూస్తరు. నెత్తురు ఎట్ల జేసినా ఆగకపోతే, గర్భసంచి తీస్తెనే మనిషి బతుకుతది అనే కాడికి అస్తే అప్పుడు తీస్తరు. అప్పుడు బయటికచ్చి నిన్ను అడిగేటంత టైముండది. అందుకే ఇప్పుడు అడుగుతున్నరు. తీస్తే ఇంక పిల్లలు పుట్టరు. గది గూడ చెప్తున్న.”

ఖాజా కాగితం వైపు చెయ్యి చాపి ఆగిపోయాడు. తల్లి వైపు చూశాడు. అత్తగారు కదా, వంశం అంటుందేమో, వద్దంటుందేమో అని భయపడ్డాను.

రజియాబీ స్ట్రెచర్ వైపు చెయ్యి చూపించింది. “నా కొడుకును అడుగుతున్నరు, నన్ను సూస్తున్నరు. కడుపు దానిది గదా. దాన్ని అడుగుండ్రి.”

నేను షాహీన్ మీదికి వంగి అవే మాటలు మళ్లీ చెప్పాను. ఒక్కటీ తగ్గించలేదు. ఆమె కళ్లు మూసుకుంది. కళ్లు తెరవకుండానే మెల్లగా అంది.

“బాబు పోయినంక ఇద్దరు ముగ్గురు పిల్లలు కావాలనుకున్న సిస్టర్. తియ్యకుండ సూడుమనుండ్రి. తప్పదంటే తియ్యమనుండ్రి. నన్ను మళ్ల అడగొద్దు.”

ఖాజా సంతకం పెట్టాడు. ఆమె వేలిముద్ర కూడా వేయించాను. ఆమెను లోపలికి తీసుకెళ్లారు, తలుపు మూసుకుంది.

ఆ తలుపు బయట నేను నర్సును కాను. చేయడానికి పనిలేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పంపు దగ్గరికి వెళ్లి మోచేతులు కడుక్కున్నాను, వచ్చి మళ్లీ కడుక్కున్నాను. కరెంటు పోయింది. తలుపు కింది సందులో వెలుతురు ఆరిపోయింది. రజియాబీ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. జనరేటరు దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, అందుకుంది. సందులో వెలుతురు వచ్చింది. కొద్దిసేపటికి లోపల నుంచి పిల్ల ఏడుపు వినబడింది, సన్నగా, విసుగ్గా. ఖాజా చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆడపిల్ల.

కానీ తలుపు తెరుచుకోలేదు. పిల్లను బయటికి తెచ్చి రజియాబీ చేతికిచ్చిన సిస్టర్ మా కళ్లలోకి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఇంకో రక్తం సీసా లోపలికి పోయింది. తర్వాత మరొకటి. రజియాబీ పిల్లను ఒళ్లో పెట్టుకుని దాని ముఖం చూడకుండా తలుపునే చూస్తోంది.

చివరికి పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. మాస్కు కిందికి లాగి నాతో అన్నాడు. “షీ ఈజ్ అలైవ్. ఇట్ వాజ్ ఇండికేటెడ్.” గర్భసంచి తీసేశారు.

తర్వాత

ఆ సాయంత్రం అదే అంబులెన్సులో కోరుట్లకు వెనక్కి వచ్చాను. దారిలో పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి. నాకు మళ్లీ ఆఫ్ దొరికిన రోజున, తెలిసినవాళ్ల మోటారు సైకిలు మీద జగిత్యాల వెళ్లాను. అది కూడా డ్యూటీ కాదు. వెళ్లకుండా ఉండలేకపోయాను.

షాహీన్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన పిల్ల నిద్రపోతోంది. రజియాబీ చాయ్ కోసం బయటికి వెళ్లింది. షాహీన్ పిల్ల మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

“సిస్టర్, మీరైతే నిజం చెప్తరు. డాక్టర్ సారు తీసిండా, తియ్యాల్సి వచ్చిందా?”

‘ఇండికేటెడ్’ అన్నాడు డాక్టరు. ఆ మాటకు తెలుగులో ఏమనాలో ఆ రోజు నుంచీ నాకు తోచలేదు. దానికి సరైన మాట ఆమె నోటి నుంచే వచ్చింది. కానీ అవునని ఊరికే అనకూడదు. నేను లోపల లేను.

“నేను లోపట లేను బిడ్డా,” అన్నాను. “గని అచ్చినంక అందరినీ అడిగిన. మత్తు డాక్టర్ను అడిగిన, థియేటర్ సిస్టర్ను అడిగిన. మాయ పాత కుట్లకాడ అతుక్కపోయింది. కుట్లేసిండ్రు, ఆగలే. గుడ్డలు కుక్కి పట్టిండ్రు, ఆగలే. నీ నాడి దొరుకుతలేదని మత్తు డాక్టర్ చెప్పినంకనే తీసిండ్రు. తియ్యాల్సి వచ్చింది.”

ఆమె తల ఊపింది. చేత్తో దుప్పటి అంచు సరిచేసింది, మళ్లీ సరిచేసింది.

“అయితే సరే,” అంది. “ఎవల మీద కోపం లేదు. గని అందరు వచ్చి ఏడ్వకు అంటున్నరు. నువ్వు బతికినవు, పిల్ల బతికింది, ఇంకేం గావాలె అంటున్నరు. నేను నవ్వుకుంట కూసుంటున్న.”

“ఏడువు బిడ్డా,” అన్నాను. “పిల్లను నేను పట్టుకుంట.”

నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని, తలుపు దగ్గరగా వేసి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక షాహీన్ మొదట గొంతు నొక్కుకుని, తర్వాత నొక్కుకోకుండా ఏడ్చింది. ఆమె ఏడుపు పూర్తయ్యేదాకా నేను వెనక్కి తిరగలేదు.